డ్రైవరు పనిగంటల కాగితం ఎన్నాళ్లు ఉండాలి?

ప్రత్యేక సంచికకు ఒక చరిత్ర వ్యాసం రాసి ఇవ్వమని మన సంఘం కార్యదర్శిగారు అడిగినప్పుడు, రాజుల చరిత్ర నాకు రాదు, రిజిస్టర్ల చరిత్రయితే కొంత తెలుసునన్నాను. ఆయన నవ్వి, "అదే రాయండి, మనవాళ్లకు అదే ఇష్టం" అన్నారు. కాబట్టి సభ్య మిత్రులు తప్పు నామీద వేయకుండా చదవాలని మనవి.

రికార్డు సెక్షనులో ధూళి మింగినవారికి ఈ అక్షరాలు గుర్తుండే ఉంటాయి. ఆర్.డిస్. అంటే శాశ్వతం. డి.డిస్. అంటే పదేళ్లు. ఎల్.డిస్. అంటే ఏడాది. ఫైలు ముగించేటప్పుడు దాని ఆయుష్షు మనమే రాసేవాళ్లం. భూమి కాగితానికి శాశ్వతం, సెలవు అర్జీకి ఏడాది. అదంతా సబబుగానే ఉండేది. నేను కార్మిక శాఖలో పనిచేసినవాణ్ణి గనుక నన్ను ఎప్పుడూ ఒక సందేహం పీడించేది. లారీ డ్రైవరు ఫలానా రోజున ఎన్ని గంటలు బండి నడిపాడన్న కాగితం ఏ డిస్‌లోకి వస్తుంది?

ఇది ఊరికే పుట్టిన సందేహం కాదు. బోడుప్పల్‌లో ఇల్లు కట్టుకున్న నాటి నుంచి వరంగల్ రోడ్డు లారీల మోత వింటూనే ఉన్నాను. నాచారం పారిశ్రామికవాడ సరుకు, చర్లపల్లి డిపోల చమురు ట్యాంకర్లు, వరంగల్ వైపు నుంచి వచ్చే బియ్యం లోడ్లు అన్నీ ఉప్పల్ కూడలి చుట్టూ తిరగవలసినవే. 2018లో మొదలైన ఫ్లైఓవరు పనుల పుణ్యమా అని ఆ రోడ్డు మీద ఏళ్ల తరబడి లారీలు నత్తనడక నడిచాయి. తెల్లవారుజామున నడకకు వెళ్తే స్టీరింగు మీద తల వాల్చి నిద్రపోయే డ్రైవర్లు కనిపించేవారు. ఆ మనిషి ఎప్పుడు బయలుదేరాడో, ఎక్కడ ఆగాడో చెప్పే కాగితం ఎక్కడైనా ఉందా అనుకునేవాణ్ణి.

చట్టంలో గంటల లెక్క ఉంది, అదీ పాతదే. 1939 మోటారు వాహనాల చట్టం నాడే డ్రైవరు వరుసగా 5 గంటలు నడిపితే అరగంట విశ్రాంతి ఇవ్వాలని, రోజుకు 9 గంటలు, వారానికి 54 గంటలు మించరాదని రాసుకున్నారు. 1961లో మోటారు రవాణా కార్మికుల చట్టం వచ్చింది. అయిదుగురు, అంతకు మించి కార్మికులున్న సంస్థలకు అది వర్తించేది. రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు. దూరప్రయాణాల్లో అనుమతితో రోజుకు 10, వారానికి 54 గంటల దాకా పోవచ్చు. ఒక రోజు పని ముగిశాక మరునాడు పని మొదలయ్యేలోగా 9 గంటలు ఎడతెగని విశ్రాంతి ఉండాలి. అదనపు పనికి రెట్టింపు కూలి. ఈ చట్టం 2025 నవంబరు 21 నుంచి వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌లో కలిసిపోయింది.

చదవడానికి ఎంతో బాగుంటుంది. తనిఖీకి వెళ్లిన మా ఇన్‌స్పెక్టర్లకు కనిపించేది వేరు. లారీ ఆఫీసులో గోడకు పనివేళల నోటీసు వేలాడుతుంది. రిజిస్టరులో ప్రతి డ్రైవరు పేరెదుటా 8, 8, 8 అని ఒకే సిరాతో, ఒకే దస్తూరీలో, ఒకే పూట రాసినట్టు అంకెలుంటాయి. నాగపూరు దాకా బండి తోలిన రోజూ ఎనిమిదే, టైరు పంక్చరై రోడ్డు పక్క కూర్చున్న రోజూ ఎనిమిదే. ఆ అంకెలు చూసి మేము నవ్వుకునేవాళ్లం. ఏం చేస్తాం, అబద్ధమని రుజువు చేయడానికి మా దగ్గర ఇంకో కాగితం ఉంటేగా!

ఐరోపా దేశాలవారు ఈ చిక్కును యంత్రంతో విప్పబోయారు. ఆ యంత్రం పేరు టాకోగ్రాఫు. జర్మనీలో విల్లింగెన్ అనే ఊళ్లోని కీన్‌స్లె కంపెనీ దీనికి పేరుపొందింది. గుండ్రటి కాగితపు బిళ్ల మీద మైనపు పూత ఉంటుంది. లోపలి గడియారం దాన్ని 24 గంటలకు ఒక చుట్టు తిప్పుతుంది. సూది మొన ఆ పూతను గీరుతూ వేగం, దూరం, బండి నడిచిన వేళ, ఆగిన వేళ రాస్తుంది. బిళ్ల మధ్యలో డ్రైవరు తన పేరు, బయలుదేరిన ఊరు, చేరిన ఊరు, తేదీ రాసి బండిలో పెట్టాలి. 1970లో ఐరోపా సమాజం దీన్ని నిబంధనగా చేసింది. బ్రిటన్ డ్రైవర్లు మాత్రం దీనికి "క్యాబిన్‌లో గూఢచారి" అని పేరుపెట్టి వద్దన్నారు. చివరకు 1979లో ఐరోపా న్యాయస్థానం బ్రిటన్ తన బాధ్యత నెరవేర్చలేదని తీర్పు చెప్పింది. గూఢచారి ఎవరి తరఫున పనిచేస్తాడన్న ప్రశ్న మాత్రం ఆ తీర్పుతో తీరలేదు. దాని సంగతికి తరువాత వస్తాను.

మనుషులు యంత్రాన్ని కూడా మోసం చేశారు. సూది వంచేవారు, మధ్యదారిలో బిళ్ల మార్చేవారు, ఒకరి పేరు మీద ఇంకొకరు నడిపేవారు. అందుకని 2006 మే 1 నుంచి కొత్త లారీలకు డిజిటల్ టాకోగ్రాఫు వచ్చింది. బ్యాంకు ఏటీఎం కార్డంత కార్డు ఒకటి డ్రైవరు పేరున ఇస్తారు. బండి ఎక్కగానే దాన్ని యంత్రంలో పెట్టాలి. (దీన్నీ విడిచిపెట్టలేదు. గేరుపెట్టె దగ్గరి సెన్సారుకు అయస్కాంతం తగిలించి, నడిచే బండిని ఆగినట్టు చూపించినవాళ్లున్నారు. మన రిజిస్టర్లలోని ఎనిమిదికి వాళ్లు దూరపు చుట్టాలు!)

ఇక అసలు సంగతి. ఆ కార్డులో లెక్క ఎన్నాళ్లుంటుంది? మామూలుగా పనిచేసే డ్రైవరుకు కనీసం 28 రోజుల వివరం పట్టేలా దాన్ని చేశారు. చోటు నిండగానే కొత్త రోజు వచ్చి అన్నిటికంటే పాత రోజును చెరిపేస్తుంది. బండిలో ఉండే యంత్రం మాత్రం సుమారు 365 రోజులు దాచుకుంటుంది. అందుకే యజమాని కార్డులోని వివరాన్ని 28 రోజులకు మించకుండా, యంత్రంలోని దాన్ని 90 రోజులకు మించకుండా కంప్యూటరులోకి దించుకోవాలి. దించినదాన్ని కనీసం 12 నెలలు ఉంచాలి. పనిగంటల లెక్కలను 2 సంవత్సరాలు ఉంచాలని 2002 నాటి మరో ఆదేశం చెబుతోంది.

ఈ 28 అన్న అంకె ఎక్కడి నుంచి వచ్చిందని వెతికితే తమాషా తెలుస్తుంది. 1985 నిబంధనలో డ్రైవరు తన వెంట ఉంచుకోవలసినవి ఆ వారపు బిళ్లలు, వాటితోపాటు గత వారంలో చివరిగా నడిపిన రోజు బిళ్ల, అంతే. 2006లో దాన్ని ఆ వారం, ముందరి 15 రోజులు అన్నారు. 2008 జనవరి 1 నుంచి ఆ రోజు, ముందరి 28 రోజులు అన్నారు. 2024 డిసెంబరు 31 నుంచి 56 రోజులు చేశారు. కొత్త తరం కార్డులను దానికి తగ్గట్టు 56 రోజులకు పెంచారు. అంటే కార్డు జ్ఞాపకం రోడ్డు మీద బండి ఆపే అధికారికి ఎంత కావాలో అంతే పెరుగుతూ వచ్చింది. అమెరికాలోనూ ఇదే వరస. అక్కడ డ్రైవరు దగ్గర ఆ రోజుది, ముందరి 7 రోజులది ఉండాలి, కంపెనీ 6 నెలలు దాచాలి. తనిఖీదారుకు ఇది చాలు. డ్రైవరు ఇంటివాళ్లకు చాలుతుందా?

1990ల మొదట్లో నేను ఒక జిల్లా కార్యాలయంలో, పనిలో చనిపోయినవారి నష్టపరిహారం కేసులు చూసే సెక్షనులో ఉండేవాణ్ణి. ఒకనాడు బోడుప్పల్ నుంచి ఒక ఆమె వచ్చింది. ఆమె భర్త నాచారంలోని ఒక ట్రాన్స్‌పోర్టు కంపెనీలో లారీ డ్రైవరు. జబల్పూరు నుంచి తిరిగి వస్తూ, ఆదిలాబాదు దాటాక గుండెలో నొప్పి వచ్చి, బండి పక్కకు ఆపి, స్టీరింగు మీదనే పోయాడు. బండికి గీత కూడా పడలేదు. ప్రమాదమే జరగలేదు గనుక మాకు సంబంధం లేదని కంపెనీ వాదన. పని ఒత్తిడి వల్లనే పోయాడని రుజువైతే తప్ప పరిహారం రాదు. ఆ చట్టం కింద దరఖాస్తుకు గడువు రెండేళ్లు. ఆమె వచ్చేసరికి ఏడాదిన్నర దాటింది. ట్రిప్ షీట్లు తెమ్మంటే, ఆడిట్ అయ్యాక పాతకాగితాలవాడికి అమ్మేశామన్నారు. తెచ్చిన రిజిస్టరులో మటుకు 8, 8, 8.

ఆమె కొంగుముడి విప్పి ఒక పాకెట్ పుస్తకం తీసింది. భర్త బత్తా లెక్క కోసం రాసుకున్నది. ఏ రోజు ఎన్నింటికి కదిలాడు, ఎక్కడ డీజిలు పోయించాడు, ఏ చెక్‌పోస్టులో ఎంతసేపు ఆగాడు, క్లీనరుకు ఎంత ఇచ్చాడు, అంతా పెన్సిలుతో ఉంది. చివరి నాలుగు రోజుల్లో పడుకున్నట్టు రాసుకున్నది రెండుసార్లే. దాన్ని సాక్ష్యంగా తీసుకున్నారు. కంపెనీ వకీలు ఆ పెన్సిలు రాతను ఎంత ఈసడించాడో చెప్పలేను. చివరకు రాజీ కుదిరి, అడిగినదానికన్నా తక్కువే అయినా కొంత సొమ్ము ఆమె చేతికి వచ్చింది. ఆ పుస్తకం లేకపోతే అదీ లేదు.

చాలా ఏళ్ల తరువాత, 2012 డిసెంబరులో, సుప్రీంకోర్టు ఇలాంటి కేసులోనే ఒక తీర్పు చెప్పింది. ఢిల్లీ నుంచి జార్ఖండ్ వైపు 1152 కిలోమీటర్లు లారీ నడిపిన డ్రైవరు దారిలో అస్వస్థుడై చనిపోయాడు. అంత దూరం నడపడంలోని శ్రమను లెక్కలోకి తీసుకుని, ఆ మరణానికి పనితో సంబంధం ఉందని న్యాయస్థానం ఒప్పుకుంది. అది చదివినప్పుడు నాకు పెన్సిలు రాతే గుర్తుకొచ్చింది. దూరమూ, గంటలూ రుజువైతేనే గదా శ్రమ రుజువయ్యేది.

మన దేశంలో టాకోగ్రాఫు అసలే లేదనుకోకండి. 1989 కేంద్ర మోటారు వాహనాల నియమావళిలో, ప్రమాదకరమైన సరుకు మోసే లారీలకు అది ఉండాలన్న నియమాన్ని తరువాత చేర్చారు. మన చర్లపల్లి ట్యాంకర్ల వంటివన్న మాట. నియమాల పుస్తకంలో దాని పేరు "టెకోగ్రాఫు" అని అచ్చయింది. ఎవరి చేతి తప్పో గాని అలాగే స్థిరపడిపోయింది. బండి నడిచిన కాలం, వేగం, హెచ్చుతగ్గులు రాసే పరికరమని వివరించారు. పరికరం ఉండాలన్నారే గాని, అది రాసినదాన్ని ఎన్నాళ్లు దాచాలో, డ్రైవరు అడిగితే నకలు ఇవ్వాలో లేదో ఆ వాక్యంలో లేదు. ఐరోపావారి పాత బిళ్లల నిబంధనలో ఈ రెండూ ఉన్నాయి. యజమాని కనీసం ఏడాది దాచాలి, డ్రైవరు అడిగితే నకలు ఇవ్వాలి. గూఢచారి ఎవరి తరఫు అని ఇందాక అన్నానే, దానికి నాకు తెలిసిన జవాబు ఆ నకలు ఒక్కటే. మిగతా లారీలకు ఇక్కడ ఆ పరికరం తప్పనిసరి కాలేదు.

సరుకు విషయంలో మటుకు మనకు మతిమరుపు లేదు. 2018 ఏప్రిల్ 1 నుంచి రాష్ట్రం దాటే సరుకుకు ఈ-వే బిల్లు వచ్చింది. మొదట 100 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున గడువు ఇచ్చారు. 2021 జనవరి 1 నుంచి అదే ఒక రోజులో 200 కిలోమీటర్లు పోవాలన్నారు. టోలుగేటు దగ్గర ఫాస్టాగ్ బండి దాటిన నిమిషం రాస్తుంది. జీఎస్టీ చట్టం ప్రకారం సరుకు లెక్కల పుస్తకాలను, వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు భద్రపరచాలి. సిమెంటు బస్తా ప్రయాణానికి ఆరేళ్ల జ్ఞాపకం. ఆ బస్తాను మోసుకొచ్చిన మనిషి ఎన్ని గంటలు మేలుకున్నాడన్నదానికి, నా ఎరుకలో, ఆ పెన్సిలు రాతకు మించిన కాగితం కనబడలేదు. పన్ను ఎగ్గొడితే సర్కారుకు నష్టం గనుక ఆరేళ్లు పెట్టారు, నాకు అర్థమవుతుంది. పరిహారం దరఖాస్తుకు రెండేళ్లు గడువు ఇచ్చినవారు, పనిగంటల కాగితం కూడా కనీసం ఆ రెండేళ్లు బతికి ఉండాలని ఎందుకు గట్టిగా పట్టుబట్టలేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

కేసు ముగిశాక ఫైలు మీద డి.డిస్. అని రాసింది నేనే. అంటే పదేళ్ల తరువాత ఆ పుస్తకంతో సహా బూడిద. రాసిన వారానికి ఆమె మళ్లీ వచ్చింది. "సారూ, ఆయన బుక్కు మల్ల ఇస్తరా?" అంది. అప్పీలు గడువు ముగిసే దాకా ఆగమన్నాను. తరువాత అర్జీ నేనే రాసిపెట్టి, అధికారిగారి ఉత్తర్వు తీసుకుని, రసీదు మీద వేలిముద్ర వేయించుకుని ఇచ్చేశాను. ఆమె దాన్ని చీర మడతలో పెట్టుకుని వెళ్లింది.

రెండేళ్ల కిందట బోడుప్పల్‌లో కిరాణా దుకాణం దగ్గర ఆమె కొడుకు నన్ను గుర్తుపట్టాడు. అమ్మ పోయిందట. అతను చమురు ట్యాంకరు నడుపుతున్నాడు. నాయిన పుస్తకం ఉందా అని అడిగితే, బీరువాలో ఉందన్నాడు. నువ్వు కూడా అలా రాసుకుంటున్నావా బాబూ అన్నాను. "గిప్పుడు ఎవరు రాస్తరు సార్, అన్నీ ఫోన్ల ఫోటో తీసి పెట్టుకుంట" అన్నాడు. పాతవి చూపించమన్నాను. కాసేపు ఫోను అటూ ఇటూ జరిపి, "పోయినేడు ఫోన్ మార్చిన సార్, గవి రాలే" అన్నాడు.