ఇల్లు ఓడెక్కిన వైనం

మంచం, గ్యాస్ పొయ్యి, నీళ్ల ట్యాంకు అన్నీ సర్దుకుని ఇంటినే నడుపుకుంటూ తిరిగే మోటార్‌హోమ్ వాళ్లకు ఫెర్రీ రేవు చేరగానే ఒకటే గుబులు. ఆటు సమయంలో ఓడ కిందికి దిగిపోతుంది, వాలు వంతెన మరీ ఏటవాలవుతుంది. ముందు చక్రాలు బాగానే దిగుతాయి. వెనక ఇరుసు దాటి పొడుచుకొచ్చిన తోక మాత్రం కర్రుమంటూ నేలను గీరుకుంటుంది. గట్టుకీ ఓడకీ మధ్య ఉన్న ఆ నాలుగు గజాల సందు దాటడానికే మనిషికి వందేళ్లు పట్టింది.

నర్సాపురం, సఖినేటిపల్లి రేవుల్లో పంటెక్కి గోదావరి దాటేవాళ్లకు ఇదేమన్నా పెద్ద విషయమా అనిపిస్తుంది. కానీ పోటెత్తే సముద్రం దారి వేరు.

1850లో స్కాట్లాండ్‌లో ఫోర్త్ నదీముఖం మీద గ్రాంటన్, బర్న్‌టైలాండ్‌ల మధ్య రైలు వ్యాగన్లను మోయడానికి 'లెవయాథన్' అనే స్టీమర్ వచ్చింది. ఒడ్డున ఏటవాలు గట్టు, దాని మీద పైకీ కిందికీ జరిగే చట్రం, చట్రం చివర ఓడను అందుకునే దూలాలు. నీరు ఎంత పెరిగినా, తగ్గినా చట్రాన్ని జరిపితే పట్టాలు కలిసేవి. ఈ ఏర్పాటు చేసిన ఇంజనీరు థామస్ బౌచ్. 1879లో రైలుతో సహా కూలిన టే వంతెన కూడా ఆయనదే. లోకం ఆ కూలిన వంతెననే గుర్తుపెట్టుకుంది. నన్నడిగితే కదిలే ఈ చిన్న వంతెనే ఆయన అసలు పనితనం.

ఇల్లు బండెక్కడం ఇంకో కథ. జిప్సీలు చక్రాల ఇళ్లలో ఎన్నడో కాపురాలు చేశారు. సరదాకోసం అలాంటి బండి కట్టించుకున్నది గోర్డన్ స్టేబుల్స్ అనే మాజీ నౌకాదళ వైద్యుడు. 1885లో 'వాండరర్' అనే ఆ బండికి రెండు గుర్రాలు కట్టి ఇంగ్లండ్ నుంచి స్కాట్లాండ్ దాకా తిరిగాడు. సముద్రం మీద బతికినవాడు కదా, దాన్ని నేల మీది నావ అనేవాడు.

మోటారు కార్లు వచ్చాక కూడా ఇంగ్లండ్‌లోని డోవర్ రేవులో వాటిని క్రేనుతో గాల్లోకి లేపి ఓడలో దించేవారు. 1928లో కెప్టెన్ టౌన్సెండ్ అనే ఆయన రైల్వే ఓడల ధరలకు విసిగి బొగ్గు ఓడను కార్లకు పెట్టినప్పుడూ క్రేనే గతి. దారి చూపింది యుద్ధమే. ముక్కు తెరిచి ట్యాంకులను తీరం మీదికి వదిలే ఓడలు రెండో ప్రపంచయుద్ధం తరువాత పనిలేక మిగిలాయి. ఫ్రాంక్ బస్టర్డ్ అనే ఆయన వాటిని అద్దెకు తీసుకుని 1946లో టిల్బరీ నుంచి రాటర్‌డామ్‌కు లారీలు నడిపాడు. డోవర్‌లో కార్లు తమంతట తాము ఓడలోకి వెళ్లే టెర్మినల్ 1953లో తెరిచారు. అప్పటికి జర్మనీలో ఫోక్స్‌వాగన్ వ్యాన్‌లో పరుపు, బల్ల అమరిపోయాయి. ఇల్లూ ఓడా ఒకదానికొకటి తయారైనట్టే.

తెరుచుకునే ఆ ముక్కే ప్రాణాలూ తీసింది. 1987లో బెల్జియంలోని జీబ్రగ్గె రేవు నుంచి తలుపు మూయకుండా బయల్దేరిన ఓడ బోల్తాపడి 193 మంది పోయారు.

వేసవిలో ఇటలీ అంకోనా నుంచి గ్రీస్ పాత్రాస్‌కు వెళ్లే ఫెర్రీలు కొన్నింటిలో గాలి తగిలే డెక్ మీదే మోటార్‌హోమ్ నిలిపి అందులోనే పడుకోవచ్చు. కరెంటు ప్లగ్గు ఓడవాళ్లదే. తెల్లారి సొంత మంచం మీద కళ్లు తెరిస్తే కిటికీలో సముద్రం. గ్యాస్ సిలిండరు వాల్వు మాత్రం మూసి ఉంచాలి.