ఎలక్ట్రిక్ గిటారుకు మళ్లీ రంగు వేయడం

పాత ఎలక్ట్రిక్ గిటారు మీది పూత తీసేసి, చెక్కను నునుపు చేసి, కొత్త పూత వేసే పని. 1950లలో ఫెండర్, గిబ్సన్ కంపెనీలు ప్రధానంగా నైట్రోసెల్యులోజ్ లక్కర్ వాడేవి. అది పలచన, అసిటోన్‌కు కరుగుతుంది. తర్వాత వచ్చిన పాలియెస్టర్ పూత మందం. థిన్నర్‌కు లొంగదు, హీట్ గన్‌తో వేడిచేసి ఊడదీయాలి. ఉన్నది ఏ పూతో ముందే తేల్చుకోవాలి. కనబడని చోట కాస్త అసిటోన్ అద్దితే చాలు.

తీగలు, బ్రిడ్జి, పికప్‌లు విప్పుతారు. బోల్టులతో బిగించిన మెడైతే అదీ వేరుచేస్తారు. 120 నుంచి 320 నంబరు దాకా శాండ్‌పేపర్‌తో చెక్క గీతల వెంబడే రుద్దాలి. ఆష్ చెక్కకు రంధ్రాలెక్కువ, ఫిల్లర్ పట్టించక తప్పదు. ఆల్డర్‌కు అంత అవసరముండదు. అసలు పరీక్ష ఓపికకే. లక్కర్‌ను పలచని పొరలుగా వేసి, గట్టిపడేందుకు వారాల తరబడి వదిలేయాలి. తొందరపడి మెరుగుపెడితే పూత కుంగి, చెక్క గీతలు పైకి తేలతాయి. లక్కర్ ఆవిరి ఇట్టే అంటుకుంటుంది, ఊపిరికీ చేటు. వంటింటి దరిదాపుల్లో ఈ పని కూడదు.

బీటిల్స్ సభ్యుడు జార్జ్ హారిసన్ 1967లో తన స్ట్రాటోకాస్టర్‌కు స్వయంగా రంగులు పూశాడు. మరుసటి ఏడు అతడూ జాన్ లెన్నన్ తమ ఎపిఫోన్ కెసినోల పూత తీయించారు. దాంతో నాదం మెరుగైందని హారిసన్ నమ్మాడు. గుల్లగా ఉండే కెసినో సంగతేమో గానీ, గట్టి చెక్క గిటారులో అంత తేడా ఆశించడం అత్యాశే. కంపెనీ పూత చెక్కుచెదరని 1950ల గిటారునైతే అసలు ముట్టుకోకూడదు: మళ్లీ రంగు వేస్తే దాని ధర సగానికి పడిపోవడం మామూలే.