రాబిన్ బావా: 61 మ్యాచ్‌లు, 12 సీజన్లు

హాకీ అంటే మనకు పచ్చిక మైదానం, ధ్యాన్‌చంద్, ఒలింపిక్ పతకాలు. కెనడాలో అదే మాటకు అర్థం మంచు మీద ఆడే ఆట. ఆ ఆటలో అత్యున్నత వేదిక ఉత్తర అమెరికాలోని నేషనల్ హాకీ లీగ్ (ఎన్‌హెచ్‌ఎల్). అక్కడ ఆడిన తొలి భారత సంతతి క్రీడాకారుడు రాబిన్ బావా. 1989 నుంచి 1994 మధ్య నాలుగు జట్ల తరఫున అతను ఆడిన మ్యాచ్‌లు 61. చేసిన గోల్స్ 6. అంకెలు చూస్తే చిన్నవే. కానీ ఆ 61 మ్యాచ్‌ల చుట్టూ 12 సీజన్ల వృత్తి జీవితం ఉంది. అందులో ఎక్కువ భాగం పేరున్న స్టేడియాలకు దూరంగా, చిన్న నగరాల రింకుల్లో గడిచింది.

ఇలాంటి ఆటగాళ్లను అక్కడ 'జర్నీమ్యాన్' అంటారు. ఊరూరా తిరుగుతారు కాబట్టి ఆ పేరు వచ్చిందనిపిస్తుంది. నిజానికి ఆ మాటకు మూలం ఫ్రెంచిలో 'రోజు' అనే అర్థమున్న పదం. పని నేర్చుకోవడం పూర్తిచేసి, ఇంకా సొంత దుకాణం పెట్టుకోలేక రోజు లెక్కన జీతానికి పనిచేసే చేతిపనివాడు అని పాత అర్థం. రాబిన్ కథకు ఈ అర్థమే బాగా సరిపోతుంది.

డంకన్ నుంచి కామ్‌లూప్స్‌కు

రాబిన్ 1966 మార్చి 26న బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలోని డంకన్‌లో సిక్కు కుటుంబంలో పుట్టాడు. వాంకోవర్ ద్వీపంలోని ఈ చిన్న పట్టణానికీ పంజాబీలకూ పాత సంబంధం ఉంది. కలప మిల్లుల్లో పనికి వచ్చిన పంజాబీలు 20వ శతాబ్దం మొదట్లోనే ఆ ప్రాంతంలో స్థిరపడ్డారు. దగ్గరలోని పాల్డీ అనే ఊరు మాయో సింగ్ నెలకొల్పిన కలప మిల్లు చుట్టూ పెరిగింది. 1908లో కెనడా ప్రభుత్వం తెచ్చిన నిబంధన భారతీయుల వలసను దాదాపు ఆపేసింది. అప్పటికే అక్కడ ఉన్నవారికి బ్రిటిష్ కొలంబియాలో ఓటుహక్కు వచ్చింది 1947లో. రాబిన్ పుట్టేనాటికి ఆ హక్కు వయసు రెండు దశాబ్దాలు కూడా లేదు.

ఎన్‌హెచ్‌ఎల్‌కు ఆటగాళ్లను తయారుచేసే జూనియర్ లీగుల్లో వెస్టర్న్ హాకీ లీగ్ ఒకటి. రాబిన్ 1982 నుంచి 1987 వరకు అందులో కామ్‌లూప్స్ జట్టుకు రైట్ వింగర్‌గా ఆడాడు. తర్వాతి కాలంలో ఎన్‌హెచ్‌ఎల్‌లో పేరుమోసిన కెన్ హిచ్‌కాక్ అప్పుడు ఆ జట్టు కోచ్. చివరిదైన 1986-87 సీజన్‌లో రాబిన్ 57 గోల్స్ చేశాడు, మరో 56 గోల్స్‌కు పాస్‌లు అందించాడు. గోల్‌కు ఒకటి, గోల్‌కు దారితీసిన పాస్‌కు ఒకటి చొప్పున లెక్కిస్తే మొత్తం 113 పాయింట్లు.

అయినా ఎన్‌హెచ్‌ఎల్ జట్లు యువ ఆటగాళ్లను ఎంచుకునే వార్షిక డ్రాఫ్ట్‌లో అతన్ని ఒక్క జట్టు కూడా తీసుకోలేదు. చివరికి 1987లో వాషింగ్టన్ క్యాపిటల్స్ విడిగా ఒప్పందం కుదుర్చుకుంది.

గోల్స్ చేసినవాడు కొట్లాటకు

ఎన్‌హెచ్‌ఎల్ జట్టు ఒక మ్యాచ్‌కు 20 మందినే దించుతుంది. ఒప్పందంలో ఉన్న మిగతావారు అనుబంధ జట్లలో, కింది లీగుల్లో ఆడుతూ పిలుపు కోసం ఎదురుచూస్తారు. పైన ఎవరికైనా గాయమైతే కబురు వస్తుంది. గాయం మానగానే తిరుగు ప్రయాణం. వాషింగ్టన్ రాబిన్‌ను మొదట ఫోర్ట్ వేన్ కోమెట్స్‌కు, తర్వాత బాల్టిమోర్ స్కిప్‌జాక్స్‌కు పంపింది.

అక్కడే అతని ఆట మారింది. 6 అడుగుల 2 అంగుళాల మనిషి. అప్పటి ఎన్‌హెచ్‌ఎల్‌లో గోల్స్ కొట్టే స్థానాలు కొద్దిమందికే దక్కేవి. కానీ ప్రతి జట్టుకూ 'ఎన్‌ఫోర్సర్' కావాలి. తమ ప్రధాన ఆటగాళ్ల జోలికి ఎవరైనా వస్తే గ్లోవ్స్ విసిరేసి తలపడేవాడే ఎన్‌ఫోర్సర్. ఐస్ హాకీలో కొట్లాటకు పడేది 5 నిమిషాల పెనాల్టీ. కాసేపు పెనాల్టీ బాక్స్‌లో కూర్చుని మళ్లీ ఆటలోకి రావచ్చు. అందుకే ఒక ఆటగాడి పెనాల్టీ నిమిషాల మొత్తం చూస్తే జట్టు అతన్ని ఏ పనికి వాడుకుందో తెలిసిపోతుంది. 1990-91లో మళ్లీ ఫోర్ట్ వేన్‌కు ఆడినప్పుడు రాబిన్ ఖాతాలో పడిన పెనాల్టీ నిమిషాలు 300 దాటాయి. ఆ ఏడాది కూడా అతను గోల్స్ చేశాడు. కానీ పై లీగ్ తలుపు తెరిచింది మాత్రం పిడికిళ్లే.

నాలుగు జట్లు

1989-90లో వాషింగ్టన్ తరఫున 5 మ్యాచ్‌లు ఆడి ఒక గోల్ చేశాడు. 1991లో వాంకోవర్ కెనక్స్ అతన్ని తీసుకుంది. సొంత రాష్ట్రం జట్టు, పంజాబీలు పెద్దసంఖ్యలో ఉన్న నగరం. అయితే 1991-92 రెగ్యులర్ సీజన్‌లో అక్కడ దక్కినవి 2 మ్యాచ్‌లే. మిగతా కాలం అనుబంధ జట్టు మిల్వాకీ అడ్మిరల్స్‌తో గడిచింది.

అదే సమయంలో లీగ్ విస్తరిస్తోంది. 1990-91లో 21 జట్లుంటే 1993-94 నాటికి 26 అయ్యాయి. జట్లు పెరిగితే రాబిన్ లాంటివారికి చోటు పెరుగుతుంది. 1992 డిసెంబరులో వాంకోవర్ అతన్ని కొత్త జట్లలో ఒకటైన శాన్ హోసే షార్క్స్‌కు పంపింది. ఆ సీజన్‌లో షార్క్స్ 84 మ్యాచ్‌లలో 71 ఓడిపోయింది. ఒక సీజన్‌లో అత్యధిక ఓటముల రికార్డు అది. ఆ ఓటముల జట్టులోనే రాబిన్‌కు 42 మ్యాచ్‌లు, 5 గోల్స్ దక్కాయి. ఎన్‌హెచ్‌ఎల్‌లో అతనికి నిలకడగా స్థానం దొరికిన సీజన్ అదొక్కటే.

1993లో డిస్నీ సంస్థ అనాహైమ్‌లో మైటీ డక్స్ జట్టును పెట్టింది. పాత జట్ల ఆటగాళ్లలోంచి కొత్త జట్టు ఎంచుకునే ప్రత్యేక డ్రాఫ్ట్‌లో రాబిన్ పేరుంది. అక్కడ ఆడినవి 12 మ్యాచ్‌లు. మొత్తం 61 అక్కడితో ముగిశాయి.

వృత్తి మాత్రం ముగియలేదు. కలమజూ, మిల్వాకీ, ఒక్క సీజన్‌కే మూతపడిన శాన్ ఫ్రాన్సిస్కో స్పైడర్స్, చివరికి మళ్లీ ఫోర్ట్ వేన్. తలకు తగిలిన దెబ్బతో 1999లో ఆట మానేశాడు. కొట్లాటలు, తల అదిరే ఢీలు మెదడు మీద చూపే దీర్ఘకాలిక ప్రభావం గురించి ఐస్ హాకీలో గట్టి చర్చ మొదలైంది ఆ తర్వాతి దశాబ్దంలోనే.

తర్వాత వచ్చినవారు

ఆడే రోజుల్లో రింకుల్లో జాతి దూషణలు ఎదురయ్యాయని రాబిన్ తర్వాత చెప్పాడు. అతను ఎన్‌హెచ్‌ఎల్ వదిలిన నాలుగేళ్లకు, 1998లో, పంజాబీ తండ్రికి పుట్టిన మ్యానీ మల్హోత్రా న్యూయార్క్ రేంజర్స్ తరఫున అడుగుపెట్టాడు. అతనూ జట్లు మారుతూనే 991 మ్యాచ్‌లు ఆడాడు. 2008లో 'హాకీ నైట్ ఇన్ కెనడా' పంజాబీ ప్రసారం మొదలైంది. 2015లో జుఝార్ ఖైరా ఎడ్మంటన్ జట్టులోకి వచ్చాడు.

రాబిన్ ప్రయాణాన్ని అర్షదీప్ బైన్స్‌తో పోల్చితే మారినదీ మారనిదీ రెండూ తెలుస్తాయి. సర్రేలో పెరిగిన బైన్స్ కూడా వెస్టర్న్ హాకీ లీగ్‌లోనే ఆడాడు. 2021-22లో 112 పాయింట్లతో లీగ్‌లో అగ్రస్థానంలో నిలిచాడు. అతన్ని కూడా డ్రాఫ్ట్‌లో ఏ జట్టూ తీసుకోలేదు. వాంకోవర్ విడిగా ఒప్పందం చేసుకుని అనుబంధ జట్టు అబోట్స్‌ఫోర్డ్‌కు పంపింది. 2024 ఫిబ్రవరిలో ఎన్‌హెచ్‌ఎల్‌లో తొలి మ్యాచ్ ఆడించింది.

35 ఏళ్ల తేడాతో 113 పాయింట్లు ఒకరివి, 112 పాయింట్లు ఇంకొకరివి. డ్రాఫ్ట్‌లో ఇద్దరికీ జరిగింది ఒకటే. ఆ తర్వాతే దారులు వేరయ్యాయి. బైన్స్ పిలుపు కోసం ఎదురుచూస్తూనే తన ఆట తాను ఆడుకోగలిగాడు. కామ్‌లూప్స్‌లో 57 గోల్స్ చేసిన రాబిన్ మాత్రం ఆ ఆటను పక్కనపెట్టి, దొరికిన పనితోనే పై లీగ్‌లో 61 మ్యాచ్‌లు సంపాదించుకున్నాడు.