చదవనిద్దామా, రాయనిద్దామా?

మొన్న ఆఫీసులో ఏఐ సహాయకుడికి నా మెయిలు, ఫైళ్ళు కలుపుతుంటే అడిగింది: చదవడానికేనా, రాయడానికి కూడానా? చెయ్యి ఆగింది. మా ప్రత్తిపాడులో తాతయ్య భయమంతా ఆ రెండోదాని గురించే మరి! ఏ పొలంలో పత్తి, ఏ పొలంలో మిరప, సాగుదారు ఎవరు, అంతా అడంగల్‌లో కరణంగారు రాసిందే రాత. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణాలను తీసేసింది. అదే అడంగల్ ఇంట్లో కూర్చుని చూసుకునే వీలు మాత్రం 2015లో మీభూమితో గానీ రాలేదు. 2025 జనవరిలో మన మిత్ర 161 సేవలను ఏకంగా వాట్సాప్‌కే కలిపేసింది. చూడ్డం జనం దాకా వచ్చింది, కలం ఇంకా అధికారుల దగ్గరే. దానికి తిట్టుకున్నవాణ్ణే నేనూ. 2024లో ఎంసీపీ వచ్చాక ఇలా కలపడం చిటికెలో పని. అయినా చదవడానికి మాత్రమే టిక్కు పెట్టాను. మా టీమువాళ్ళిప్పుడు నన్ను కరణంగారంటున్నారు :)