ఐదో స్లాటు

రాత్రి షిఫ్టు. డేటా సెంటర్ తలుపు దగ్గర కార్డు చూపించి లోపలికి అడుగుపెట్టగానే ఫ్యాన్ల హోరుకి చెవులు దిబ్బళ్లు పడతాయి. కోల్డ్ ఐల్‌లో చలిగాలి నేలలోంచి తన్నుకొస్తోంది. రెండువైపులా మనిషిని మించిన ఎత్తున ర్యాకులు, వాటి నిండా డెల్ పవర్‌ఎడ్జ్ సర్వర్లు. ఒక్కోదాని ఎడమ అంచున కదలని నీలి లైటు. అంటే అంతా క్షేమం.

వరస మధ్యలో ఒక్కటి మాత్రం ఆంబర్ రంగులో కొట్టుకుంటోంది. లోపం ఉందనే చెబుతుంది గానీ ఎక్కడుందో చెప్పదు. వెతకాల్సింది మీరే.

దగ్గరికెళ్లి ఆ లైటున్న బటన్ నొక్కుతారు. ఆంబర్ పోయి నీలం మినుకుమంటుంది. ఇది గుర్తు కోసం. చుట్టూ తిరిగి వేడిగాలి ముఖానికి కొట్టే హాట్ ఐల్‌లోకి వెళితే, అచ్చం ఒకేలా ఉన్న పెట్టెల మధ్య మీది వెనకవైపు కూడా నీలంగా మినుకుమంటూ కనిపిస్తుంది. రెండు పవర్ సప్లైలకూ నిలకడైన ఆకుపచ్చ. నెట్‌వర్క్ పోర్టు దగ్గర ఒక లైటు నిలిచి వెలుగుతోంది, లింకు ఉంది. పక్కది గబగబా మినుకుమంటోంది, డేటా నడుస్తోంది. వెనక లోపమేమీ లేదు.

తిరిగొచ్చే దారిలో హెచ్‌పీఈ ప్రోలయంట్ల ర్యాకు. అక్కడ క్షేమానికి ఆకుపచ్చ. నీలం నిలిచి వెలిగితే ఎవరో గుర్తు పెట్టుకున్నారని. ఒక కంపెనీ రంగుల లెక్క ఇంకో కంపెనీకి పనికిరాదు.

మళ్లీ మీ సర్వర్ ముందు వంగుతారు. నిలువుగా ఎనిమిది డిస్కు ట్రేలు, ఒక్కోదానికి రెండు బుల్లి లైట్లు: ఒకటి డిస్కు పనిచేస్తుంటే మినుకుమనేది, రెండోది దాని స్థితి చెప్పేది. ఒక ట్రే రెండో లైటు సెకనుకు నాలుగుసార్లు ఆంబర్ కొడుతోంది. డిస్కు పోయింది. ఆకుపచ్చ, ఆంబర్ వెలిగి ఆరుతుంటే మాత్రం అది పోవడానికి సిద్ధంగా ఉన్న డిస్కు.

చెయ్యి ట్రే మీదికి వెళ్తుంది. ఆగండి, ముందు ఐడ్రాక్ (సర్వర్‌ని దూరం నుంచి గమనించే డెల్ సాధనం) చూస్తున్న సహోద్యోగికి ఫోను.

"తమ్ముడూ, ఐడ్రాక్‌లో ఏ స్లాటు చూపిస్తోంది?"

"ఐదు, అన్నా."

ఎడమ నుంచి లెక్కపెడతారు. ఐదోదానికి నిక్షేపంగా ఆకుపచ్చ. ఆంబర్ ఆరోదానికి. కంగారు లేదు, స్లాట్ల అంకెలు సున్నా నుంచి మొదలవుతాయి. లైటూ ఐడ్రాకూ ఒకటే చెబుతున్నాయి. ఇది రెయిడ్ 5. ఒక డిస్కు పోతే తట్టుకుంటుంది, రెండు పోతే తట్టుకోదు. అంకె ఒక్కటే నమ్మి పక్కనున్న మంచి డిస్కు లాగి ఉంటే మొత్తం వాల్యూమ్ కూలిపోయేది.

బటన్ నొక్కగానే పిడి తెరుచుకుంటుంది. ట్రేని కాస్త బయటికి లాగి, లోపల డిస్కు తిరగడం ఆగేదాకా అరనిమిషం ఆగి, పూర్తిగా తీస్తారు. కొత్తది టక్కున కూర్చుంటుంది. కాసేపటికి ఆకుపచ్చ మెల్లగా మినుకుమంటుంది. రీబిల్డ్, అంటే పోయిన డిస్కు డేటాని మిగతావాటి సాయంతో కొత్తదానిలో తిరిగి రాయడం, మొదలైంది.

పెద్ద డిస్కయితే దీనికి గంటలు పడుతుంది. ఈలోపు ఇంకో డిస్కు పోతే దిక్కు బ్యాకప్పే. అందుకే వెళ్లేముందు నీలి గుర్తు ఆపేయండి, టికెట్ మాత్రం తెరిచే ఉంచండి. ఆకుపచ్చ నిలకడగా వెలిగాకే మూయాలని తర్వాతి షిఫ్టుకి రాసిపెట్టండి.