వినిన పద్యము, చదివిన గ్రంథము

తెలుగుదేశమున పద్యమును పండితుల యింటినుండి బజారునకు దెచ్చిన కీర్తి నాటకరంగమునకే చెల్లును. అక్షరమెరుగని రైతు సైతము శ్రీకృష్ణరాయబారమందలి పద్యములను రాగముతో నప్పగింపగలుగుట మనకు వింత గాదు. ఇంతటి సంపద చెవిలో నిలిచియుండగా, గ్రంథము మాత్రము చేతి కందకపోనేల? వినుటనుండి చదువుటకు దారి యెట్లు పడినదో, ఎచ్చట తెగినదో యీ వ్యాసమున విచారింపదలచితిమి.

ఈ విచారమునకు కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డ మంచి తావు. ఇటిక్యాల యీ సీమలోనిదే. నేడు జోగులాంబ గద్వాల జిల్లాకు జేరినది. నిజాముల కాలమున తుంగభద్రకు దక్షిణపు గట్టున నున్న కర్నూలు చెన్నరాజధానిలోనిది; ఉత్తరపు గట్టు హైదరాబాదు రాజ్యములోనిది. రెండు గట్టులందును జనుల భాష తెలుగే, చదువు మాత్రము వేరు. ఉత్తరమున రాజభాష ఉర్దూ. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధనభాషయు నదియే. గద్వాల సంస్థానము పండితులను సత్కరించి 'విద్వద్గద్వాల' యని పేరొందినమాట నిజమే. కాని కొలువులో కవికి గప్పిన శాలువ వలన పల్లెలోని పిల్లవానికి పలక రాలేదు.

అట్టి కాలమున సామాన్యునకు సాహిత్యపాఠశాల యైనది నాటకము. 1880లో వీరేశలింగముగారు రాజమహేంద్రవరమున తమ శిష్యులచే 'వ్యవహారధర్మబోధిని' నాడించిరి. 1885లో కడపసీమలోని సురభి గ్రామమున వనారస గోవిందరావుగారు 'కీచకవధ'తో సురభి నాటకసమాజమునకు నాంది పలికిరి. స్త్రీపాత్రలను స్త్రీలే ధరించుట యా సమాజపు విశిష్టత. బళ్ళారిలో ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు 'చిత్రనళీయము' మొదలగు నాటకములతో పాటను పద్యమును రంగమున స్థిరపరచిరి. తరువాత హార్మోనియము వచ్చెను, రాగాలాపన పెరిగెను, 'వన్సుమోర్' అను కేక లేచెను. ఒక్క పద్యమునే పలుమారులు పాడించుకొనిన సభ్యులకు ఛందస్సు పేరు తెలియకున్నను దాని నడక పట్టుపడెను. ఇది చిన్న విద్య గాదు.

అయినను రంగమునకు హద్దులు గలవు. రాగము మితిమీరినచో భావము చచ్చునని బళ్ళారి రాఘవగారు మొరపెట్టిరి. చదువుకొనిన స్త్రీలు రంగమెక్కవలెనని ప్రోత్సహించిరి. మఱియొక లోపము గలదు. నాటకము కథనుండి కొంతయే యేరి చూపును. రాయబారపు పద్యములు భారతములోనివే యని నమ్మువారు నేటికిని గలరు. అవి తిరుపతి వేంకటకవుల నాటకములలోనివి. తిక్కన ద్రౌపది రంగస్థల ద్రౌపదికంటె నెంత భిన్నముగా మాటాడునో గ్రంథము విప్పినవారికే తెలియును. ఆ యానందమును గోలుపోవుట నష్టము గాదా?

ఈ నష్టమును దీర్ప బూనినది గ్రంథాలయోద్యమము. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషానిలయమును, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్ర ఆంధ్రభాషానిలయమును వెలసినవి. 1938లో దేశోద్ధారక గ్రంథమాలను నెలకొల్పిన వట్టికోట ఆళ్వారుస్వామిగారు పుస్తకములను స్వయముగా మోసికొనిపోయి యూరూర నమ్మిరి. పాఠశాల చేయని పనిని పుస్తకము చేయవలసి వచ్చెను.

ఈ రెండు దారులును గలిసిన జీవితము నడిగడ్డలోనే గలదు. సురవరము ప్రతాపరెడ్డిగారు 1896లో జన్మించిరి. వారి స్వగ్రామము ఇటిక్యాలపాడు. ఇటిక్యాల వేరు, ఇది వేరు, రెండును నడిగడ్డవే. వారు కర్నూలున చదివిరి; 1926లో 'గోలకొండ పత్రిక'ను స్థాపించిరి. తెలంగాణమున కవులు లేరను నిందకు, 1934లో 354 గురు కవుల రచనలతో 'గోలకొండ కవుల సంచిక' వెలువరించి బదులు చెప్పిరి. 'భక్త తుకారాము' మొదలగు నాటకములను సైతము రచించిరి. 1949లో వెలువడిన వారి 'ఆంధ్రుల సాంఘికచరిత్ర'ను జూడుడు. రాజుల యుద్ధములను విడిచి, ప్రజల యాటపాటలు, తిండి, బట్ట, వేడుకలు, నమ్మకములు ఎట్టివో కావ్యములనుండి యేరి కూర్చిరి. వినుకొండ వల్లభరాయని పేరనున్న 'క్రీడాభిరామము' వారికి ఓరుగంటి వీథులను, అందలి ఆటలను జూపెను. ఇతరులు రసమునకై చదివిన పుటలో వారు జనుల బ్రతుకును చదివిరి. 1955లో, వారు గతించిన రెండేండ్లకు, తెలుగున మొట్టమొదటి సాహిత్య అకాడమీ బహుమానము ఈ గ్రంథమునకే దక్కెను.

ఇందుండి గ్రహింపదగిన దేమి? నాటకమును మాని చదువుడని మేము చెప్పము. నాటకమునుండియే చదువునకు బొండని చెప్పుదుము. ఇందుకై మేమొక యేడాది పఠననియమమును సూచించుచున్నాము. దినమునకు పది పుటలు చదివినచో నేటికి 3650 పుటలగును. 300 పుటల గ్రంథములు పండ్రెండు గడచును. రాయబారము చూచిన నెలలో తిక్కన యుద్యోగపర్వమును, వారమున కొక యాశ్వాసము చొప్పున, చదువవచ్చును. బలిజేపల్లివారి హరిశ్చంద్ర నాటకమును విన్నపిమ్మట గౌరన ద్విపదను విప్పవచ్చును. కాళ్లకూరివారి 'వరవిక్రయము'ను, గురజాడవారి 'కన్యాశుల్కము'ను వరుసగా చదివిన యింట, కట్నముమాట వచ్చినపుడు కనీస మొక్కరైనను నోరు విప్పుదురని మా నమ్మకము. సంవత్సరాంతమున 'ఆంధ్రుల సాంఘికచరిత్ర'ను బట్టినచో, విడివిడిగా చదివినదంతయు నొక్కచో గూడును.

నియమము పుటలు లెక్కించుకొనుటకు గాదు. ఒకరు పైకి చదువగా నింటివా రెల్లరు వినవలెను. 2011 జనాభాలెక్కలలో గద్వాల ప్రాంతమున అక్షరాస్యులు నూటికి దాదాపు 50 మందియే. స్త్రీలలో నంతకంటెను దక్కువ. చదువుకొనిన గృహమునకు గల ఋణ మిచ్చటనే గలదు. తల్లికి, అత్తకు, వంటింట పనిచేయు నామెకు పద్యము కొత్త గాదు, పుస్తకమే కొత్త. వారి చెవికి తెలిసిన పద్యమునే యచ్చులో జూపి, వ్రేలుంచి చదివించినచో, అక్షరము పరాయిదిగా దోపదు. చదువరులారా, ఈ యేడు మీ యింట మొదటి పుటను వారిచేతనే త్రిప్పింపుడు; మీ యూరి గ్రంథాలయము తాళము వేసియున్నచో దానిని దీయింపుడు.