ఆనవాలు

సొంతగడ్డ మీద పశ్చిమ జర్మనీ ప్రపంచ కప్ గెలిచిన 1974లో, ఆ దేశపు టీవీ ప్రేక్షకులు ఏడాది మొత్తానికీ మేటిదని ఓట్లేసి ఎన్నుకున్న గోల్ ఆ జట్టు స్ట్రైకర్ గెర్డ్ ముల్లర్‌ది కాదు. ఆఫెన్‌బాక్ అనే ఊరి క్లబ్బుకు ఆడుతున్న ఎర్విన్ కొస్టెడ్డెది. మొన్షెన్‌గ్లాడ్‌బాక్ లాంటి గట్టి జట్టు మీద కొట్టిన గోల్ అది. అప్పటికి అతనికి ఇరవై ఎనిమిదేళ్లు. అంతకన్నా మంచి ఏడాది మళ్లీ రాలేదు.

1946లో మున్‌స్టర్‌లో పుట్టాడు. తల్లి జర్మన్, తండ్రి అమెరికా సైన్యంలో నల్లజాతి సిపాయి. ఆ తండ్రెవరో కొడుక్కి తెలియదు. తండ్రి నుంచి మిగిలిందల్లా ఒంటి రంగు. యుద్ధం ఓడిన ఊళ్లో అది ఎటు వెళ్లినా అతనికన్నా ముందు కనబడేది.

కాళ్లకు బలపం కట్టుకున్నట్టు తిరిగాడు. డ్యూస్‌బుర్గ్ నుంచి బెల్జియంలోని లీజ్‌కు వెళ్లి, 1971లో అక్కడి లీగ్‌లో అందరికన్నా ఎక్కువ గోల్స్ కొట్టాడు. తర్వాత ఆఫెన్‌బాక్, బెర్లిన్, డార్ట్‌మండ్. ముప్పై మూడేళ్ల వయసులో ఫ్రాన్స్‌లోని లావాల్ చేరి, 21 గోల్స్‌తో అక్కడి లీగ్ గోల్స్ పట్టికలో అగ్రస్థానాన్ని మరొకరితో పంచుకున్నాడు. స్ట్రైకర్లు బూట్లు విప్పేసే వయసది. ఆ తర్వాత బ్రెమెన్, చివరికి ఓస్నాబ్రుక్. జర్మనీ అగ్రశ్రేణి లీగ్ బుండెస్‌లిగాలో 219 మ్యాచ్‌లు, 98 గోల్స్. వందకు రెండు తక్కువ.

ప్రపంచ కప్ గెలవగానే ముల్లర్ జాతీయ జట్టు నుంచి తప్పుకున్నాడు. ఆ ఖాళీలోకి కోచ్ హెల్ముట్ షాన్ పిలిచిన వాళ్లలో కొస్టెడ్డె ఒకడు. 1974 డిసెంబర్‌లో మాల్టాలో, గడ్డి లేని గట్టి నేల మీద, జర్మనీ చొక్కా తొడిగిన మొదటి నల్లజాతి ఆటగాడయ్యాడు. ముల్లర్‌ను ‘బాంబర్’ అనేవారు కదా, ఇతన్ని ‘గోధుమరంగు బాంబర్’ అన్నారు. పొగడ్తే కావచ్చు. కానీ పొగిడేటప్పుడు కూడా రంగును వదల్లేకపోయారు. మరుసటి మార్చిలో వెంబ్లీలో ఇంగ్లండ్ చేతిలో 0-2తో ఓటమి, అక్టోబర్‌లో గ్రీస్‌తో 1-1. అంతే, మూడు మ్యాచ్‌లతో ముగిసింది. ఒక్క గోల్ కూడా పడలేదు. ముల్లర్ స్థానంలో ఎవరిని నిలబెట్టినా మూడు మ్యాచ్‌లు చాలవని నాకనిపిస్తుంది. క్లబ్బుల్లో గోల్స్ ఆగలేదు, కబురు మాత్రం మళ్లీ రాలేదు.

ఆడి సంపాదించింది ఒక సలహాదారును నమ్మి పెట్టుబడుల్లో పోగొట్టుకున్నాడు. దాదాపు పది లక్షల మార్కులు. మద్యం అలవాటైంది. పూలమ్మిన చోట కట్టెలమ్ముకోవడం ఆటగాళ్లలో చాలామందికి జరిగేదే. కొస్టెడ్డెకు జరిగింది దానికన్నా ఘోరం.

1990లో మున్‌స్టర్‌కు దగ్గరలోని కోస్‌ఫెల్డ్‌లో ఒక జూదపు మిషన్ల హాలు దోపిడీకి గురైంది. పోయింది కొద్దిపాటి సొమ్మే. దొంగ రంగు తక్కువవాడన్నారు. ఆ చుట్టుపక్కల అలాంటి రంగున్న మనుషులు ఎందరుంటారు? వాళ్లలో ఊరందరికీ తెలిసిన ముఖం ఎవరిది? పోలీసులు కొస్టెడ్డెను పట్టుకుపోయారు. తాను కాదని అతను మొత్తుకున్నాడు. రిమాండ్‌లో నెలలు గడిచాయి, సుమారు ఆరు నెలలు. ఒకప్పుడు గ్యాలరీ చివరి వరసలో ఉన్నవాళ్లు సైతం పేరు పెట్టి పిలిచేలా చేసిన ఆ రూపమే ఇప్పుడు కటకటాల వెనక్కి నెట్టింది.

విచారణలో ఆ ఆనవాలు నిలవలేదు. నిర్దోషి అని కోర్టు తేల్చింది. జైల్లో గడిచిన రోజులకు పరిహారంగా చేతికొచ్చింది 3000 మార్కులు. పరువుకు లెక్క కట్టే పద్దు ఏ ఖజానాలోనూ లేదు మరి. విడుదల వార్త అరెస్టు వార్తంత దూరం పోదు. బయటికొచ్చిన మనిషి చాలా ఏళ్లు కోలుకోలేకపోయాడు.

2021లో జర్మనీ నల్లజాతి ఆటగాళ్ల మీద ‘ష్వార్జె ఆడ్లర్’ అనే డాక్యుమెంటరీ తీశారు. ముసలి కొస్టెడ్డె అందులో కెమెరా ముందు కూర్చుని తన కథ తానే చెప్పాడు. అదే ఏడాది అతని జీవితచరిత్ర కూడా పుస్తకంగా వచ్చింది. అప్పటికి జర్మనీ జట్టులో నల్లజాతి ఆటగాళ్లు ఉండటం ఎవరికీ వింత కాదు.